తెర మీద మా పెద్దమ్మ మాట

పెద్దమ్మ పోయిందన్న కబురు ఆమదాలవలస స్టేషనులో రైలు దిగుతుండగా తెలిసింది. ఏడుపు రాలేదు. బెంచీ మీద కూర్చోలేక ప్లాట్‌ఫారం ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. ఆమె ఒకసారి ఒకరిని అడిగిన ప్రశ్న నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు.

మా ఊరి ఆడవాళ్ల పాటల జట్టుకు ఆమే పెద్ద. పొద్దున్న చేపల గంప, సాయంత్రం పాట. పాడబోయే ముందు నోట్లో చుట్ట ఆర్పి కొప్పులో దోపుకునేది. నేను గొంతు తగ్గిస్తే వీపు మీద ఒకటి వేసి, “సుట్టాలకి కాదే, సముద్రానికి ఇనబడాల” అనేది. నాకు పాట వచ్చిందంటే ఆ చేతి చలవే.

హుద్‌హుద్ తుఫాను మరుసటి ఏడు, మాలాంటి జట్టు మీదే సినిమా తీస్తామని కొందరు వచ్చారు. హీరోయిన్‌ది ఎక్కడో దూరం. ఆ పిల్ల తెల్లటి ముఖానికి నల్లరంగు పూస్తుంటే పెద్దమ్మ డైరెక్టరుతో అంది: “ఆ నలుపు మాకున్నాది కదా, బాబూ.” అతను నవ్వేసి మమ్మల్ని వెనక వరసలో నిలబెట్టాడు. సాయంత్రం ఆ రంగు వదలక పిల్ల అవస్థ పడుతుంటే, పెద్దమ్మే కొబ్బరినూనె రాసి తుడిచింది.

తర్వాత విశాఖపట్నంలో డబ్బింగుకు పిలిచారు. తోడుగా నేనూ వెళ్లాను. చేపల బజారులో పోట్లాడే హాస్యపాత్రకు ఆమె గొంతు కావాలట.

“మరి హీరోయిను ఏ మాట మాటాడతాది?” అని అడిగింది పెద్దమ్మ.

“మామూలు తెలుగేనమ్మా. మీ యాస అందరికీ అర్థం కాదు.”

“నవ్వడానికి అర్తమౌతాది, ఏడవడానికి అవ్వదేటి?”

డైరెక్టరు చేతిలో కాగితాలు తిరగేశాడు. పెద్దమ్మ చెవులకు పెట్టిన హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి బయటికొచ్చేసింది. మెట్ల దగ్గర అతను వెనకే వచ్చి, పడవ తిరిగిరాని సీనులో ముసలితల్లి మాటలు మా యాసలోనే చెప్పమన్నాడు.

“రాసింది ఒద్దు. నానే సెప్తాను.”

మా పెదనాన్న సముద్రం మీదకి వేటకెళ్లి తిరిగి రాలేదు. ఆమె మైకు ముందు నిలబడి, ఎదురుగా మనిషి ఉన్నట్టే మెల్లగా అంది: “కూడొండీసినాను. ఇంకెప్పుడొస్తావు?”

సినిమా వచ్చాక జట్టంతా శ్రీకాకుళం వెళ్లి చూశాం. హాస్యపాత్రకు ఇంకెవరో గొంతిచ్చారు. హాలంతా నవ్వింది, మేమూ నవ్వాం. ఆ తల్లి సీను వచ్చింది. మొదటి మాటకే జనం అలవాటుగా నవ్వారు. రెండో మాటకు చాలామంది ఆగారు. కొందరు ఆగలేదు. ఎక్కడివాళ్లో కాదు, మా యాసవాళ్లే.

తిరుగు బస్సులో నేను వాళ్లను తిడుతూనే ఉన్నాను.

“ఆల్లనేటి అంటావే? మన మాటొస్తే నవ్వాలనే ఇన్నాల్లూ సూపించినారు. కొందరు ఊరుకున్నారు, సూసినావా?”

“అది చాలా, పెద్దమ్మా?”

కిటికీలోంచి చూస్తూనే, “సాల్దు” అంది.

నిన్న ఆమెను సాగనంపి వచ్చాం. ఆ ‘సాల్దు’ నా చెవిలోంచి పోవడం లేదు. ఆ రోజు బస్సు దిగాక ఇసకదారి పట్టాం. చీర కుచ్చిళ్లు పైకి దోపి, వెనక ఎవరైనా వస్తున్నారో లేదో చూడకుండా ఆమె ముందు నడిచింది. కాళ్లు దిగబడిపోతున్నా, చెప్పులు చేత పట్టుకుని, ఆమెను అందుకోవాలని మేమందరం గబగబా వెనకే నడుస్తున్నాం.