నీళ్ళు లేనిచోట తిరిగిన మోటారు

పడవ మోటారు ప్రాణం పెట్రోలులో ఉందనుకుంటారు చాలామంది. కాదు. అడుగున దాని కాలు ఏట్లో మునిగి ఉంటుంది. ఆ కాలికి ఉన్న చీలికల్లోంచి నీళ్ళు లోపలికి వస్తాయి. పిడికిలంత రబ్బరు రెక్కల చక్రం ఆ నీటిని పైకి తోస్తుంది. నీళ్ళు వేడెక్కిన ఇనుము చుట్టూ తిరిగి, వెనక ఒక బెజ్జంలోంచి సన్నగా ధార కడతాయి. ధార ఉంటే నడుపు, ఆగితే ఆపు. ఇంతే చదువు. నేను అయిదో తరగతి దాటినవాణ్ణి కాదు, నాకే తెలిసింది. తెలుసుకోవాలన్న బుద్ధి ఉండాలి గానీ ఇందులో బ్రహ్మవిద్య ఏముంది?

ఎనభైల్లో దాచేపల్లిలో నాకు ఆయిలింజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. దగ్గర్లో కృష్ణ మీద ఒక రేవును ఆ ఏడు వేలంపాటలో పాడుకున్న ఆసామి, తెడ్లు మాన్పించి పడవకు మోటారు కట్టాడు. సున్నపురాయి క్వారీల్లో పనికి తెలంగాణ ఒడ్డు నుంచి జనం రోజూ వచ్చిపోయేవాళ్ళు. మోటారు నడపడానికి మాచర్ల నుంచి ఒక సాయిబును పెట్టుకున్నాడు. లారీ షెడ్లలో పని నేర్చినవాడు, నెమ్మదస్తుడు.

ఒకనాడు పొద్దున్నే ఆసామి ఆ మోటారును ట్రాక్టరులో తెచ్చి నా షెడ్డు ముందు దింపించాడు. వెంట సాయిబును కూడా తెచ్చాడు, దొంగను పట్టుకొచ్చినట్టు.

"చూడు మేస్త్రీ, నడి ఏట్లో పొగలు కక్కి ఆగిపోయింది. ఆడోళ్ళు ఒకటే ఏడుపులు. తెడ్లేసుకుని ఒడ్డున పడ్డాం. ఈయన పెట్రోల్లో కలపాల్సిన ఆయిల్ కలపకుండా అమ్ముకుంటన్నాడు."

"ఒట్టన్నా, చుక్క తగ్గించలా," అన్నాడు సాయిబు.

"నువ్వు మాట్టాడమాక. ఆయిల్ లేక మాడిందని మేస్త్రీ ఒక్క మాట అంటే చాలు, రేపట్నించి నువ్వు రేవులో కనపడకూడదు."

నాకు ఒళ్ళు మండింది. విప్పకముందే తీర్పు రాసుకొచ్చి, నా చేత వేలిముద్ర వేయించుకోవాలని చూస్తున్నాడు! నేను ఒక్క మాట తప్పు పలికితే ఒక మనిషి కూడు పోతుంది, పైగా దొంగ అన్న పేరు మాచర్ల దాకా పోతుంది.

ముందు ప్లగ్గు విప్పాను. ఆయిలు జిడ్డుతో నల్లగా తడిగా ఉంది. ఆయిలు లేకుండా తిరిగితే గీతలు పడాలి, సిలిండరులో ఒక్క గీత లేదు.

"ఆయిల్ పడిందయ్యా."

"భయపడి నిన్న కలిపుంటాడు."

"అయితే నీళ్ళ సంగతి చూద్దాం."

వెనక బెజ్జంలో సన్న తీగ పెట్టి పొడిచాను. ఒండ్రు అడ్డుపడితే ధార ఆగుతుంది, తీగతో పొడిస్తే వస్తుంది. ఇక్కడ తీగ అడ్డం లేకుండా దిగింది. చీలికల్లో నాచు లేదు. చివరికి కాలు విప్పి పంపు మూత తీశాను. చక్రానికి సగం రెక్కలు మొదలంటా లేవు. ఉన్నవి మాడిన అప్పడాల్లా బిరుసెక్కి ఉన్నాయి. ఒండ్రు నీళ్ళు రబ్బరును అరగదీస్తాయి. నీళ్ళలో ఉన్న రబ్బరు మాడదు.

"ఇది నీళ్ళు లేనిచోట తిరిగింది. ఎక్కడ తిప్పారు?"

ఆసామి సాయిబు వంక చూశాడు. సాయిబు నేల వంక చూశాడు.

"చెప్పు భాయ్."

"దసరా రోజు..."

"దసరా రోజు ఏంది?" ఆసామి గొంతు లేచింది. "ఆయుధపూజ మానుకుంటామా? గట్టు మీద గుంజలు పాతి, మోటారు బిగించి, నిమ్మకాయ కోసి, హారతిచ్చి స్టార్టు చేయించా. మా నాయన కాలం నుంచీ ఆయిలింజన్లకు చేస్తన్నదే గదా!"

"ఎంతసేపు?"

"ఊరంతా వచ్చి దణ్ణం పెట్టుకునిందాకా."

"మరి నీళ్ళు?"

"నీళ్ళు లేకుండానా? మేమేమన్నా పిచ్చోళ్ళమా? మా ఆవిడ బిందెతో దాని నెత్తిన పోస్తానే ఉంది!"

సాయిబు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"దాహమేసినోడికి తలంటి పోశారయ్యా! గొంతులో చుక్క పడిందా?" అని అరిచాను. "ఏం భాయ్, నువ్వు చెప్పలేదా?"

"చెప్పానన్నా. పూజకాడ అపశకునం మాటలు మాట్టాడమాక అన్నారు."

ఆసామి ట్రాక్టరెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు కొత్త చక్రం మాత్రం విజయవాడ నుంచి తెప్పించాడు. తెస్తూనే బిగించమని తొందర.

"ఆ రోజు మాడి, తరవాత ఒక్కొక్కటే తెగిన రెక్కలు ఎటు పోయాయనుకున్నావు? నీళ్ళతోపాటు పైకెక్కి కూర్చున్నాయి. అవి తియ్యకుండా కొత్తది వేస్తే మళ్ళీ మాడుద్ది."

గొట్టాలు విప్పి ఒక్కో ముక్కా తీసి, కాగితం మీద పాత చక్రం పక్కన పేర్చాను. చక్రం నిండేదాకా వదల్లేదు. చివరి ముక్క ఇంజను తలకాయ దగ్గర దొరికింది. అప్పుడు కొత్త చక్రానికి రెక్కలు తిరిగే వైపుకు కాక వెనక్కి వంగేట్టు చూసి కూర్చోబెట్టాను.

సాయంత్రం రేవులో మోటారు పడవకు బిగించి నేను నీళ్ళలోకి దిగి నిలబడేసరికి, పని దిగిన క్వారీ జనం ఇళ్ళకు పోను ఎక్కి కూర్చున్నారు. ఆసామి కూడా ముందు బల్ల మీద కూర్చున్నాడు. సాయిబు తాడు లాగాడు. ముందు తుంపర్లు, ఆ తరవాత ధార. నాకు అనుమానమేమీ లేదు, ఉన్నది ఆసామికే.

"ఇంకేంది, పోనీ," అన్నాడు.

సాయిబు మోటారు ఆపేశాడు. "అన్నా, ఆయిల్ దొంగనని మీరు అన్నది ఈళ్ళందరి ముందే."

ఆసామి మీసం సవరించుకున్నాడు, నీళ్ళలోకి చూశాడు, నా వంక చూశాడు. నేను తల తిప్పుకోలేదు.

"ఆయిల్ ఈయన సరిగ్గానే పోశాడు. మోటారును గట్టు మీద మాడ్చింది నేను. చాలా?"

"గట్లనా పటేలా! మరి మొన్న గాయన్ని అన్నన్ని మాటలంటివి?" అంది అవతలి ఒడ్డు ఆడమనిషి ఒకామె.

"ఏమే, నీకు ఇంటికి పొద్దుపోవట్లా?"

పడవంతా నవ్వింది. సాయిబు నవ్వలేదు. అంచు దాకా వచ్చిన నీళ్ళు చూశాడు.

"బరువెక్కువైంది. అవతల పనిలేనోళ్ళు ఎవరన్నా ఒకళ్ళు దిగాల."

పనిలేనివాడు పడవలో ఒక్కడే. రేవు పాడుకున్న ఆ మనిషి పంచె ఎగ్గట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, మోటారు చప్పుడు అవతలి ఒడ్డు చేరేదాకా నా పక్కనే నిలబడ్డాడు.