నలుగురం, రెండు కొసలు

మా పక్కింటి జువాలజీ లెక్చరరుగారు మొన్న మధ్యాహ్నం భోజనం చేసి కుర్చీలో ఒరిగారు. గుండె ఆగిపోయింది. క్యాన్సర్ తీసుకుపోలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళకు ఈ మాటే ముందు చెబుతున్నాను. దాన్ని ఆవిడ ఏళ్ళ కిందటే ఓడించారు.

రొమ్ములో గడ్డ ఉందని తేలిన వారం ఆవిడ మా డాబా మీదికి వచ్చారు. మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. తప్పుడు లెక్క ఎక్కడున్నా నేను సహించలేను.

"ఆ గడ్డలో కణాల లోపలంతా తప్పులే అంటున్నారుగా. అలాంటి కణం దానంతటదే కూలిపోవాలి. రెండెలా అవుతుంది?" అన్నాను.

ఆవిడ పిట్టగోడ అవతలున్న తన దండెం మీంచి మంగళగిరి చీర తీశారు. ఒక కొస నాకిచ్చి రెండోది తాను పట్టుకున్నారు. మధ్యలో చెరో అంచునూ మా కోడలికీ, పాల డబ్బులకని పైకొచ్చిన పాలామెకూ పట్టించారు.

"కణం రెండయ్యేటప్పుడు లోపలి సరుకును రెండు వైపులకూ దారాలు లాగుతాయి అక్కయ్యగారూ. లాగేవాళ్ళు ఇద్దరే ఉండాలి. క్యాన్సర్ కణాల్లో చాలావాటికి ఎక్కువమంది ఉంటారు. ఎవరి వైపుకు వాళ్ళు లాగండి."

"చినిగిపోద్దమ్మా," అంది పాలామె.

"చినగనీ. పాలల్లో నీళ్ళు పోసే చెయ్యేగా, గట్టిగా లాగు."

చీర మధ్యలో పర్రుమంది.

"ఇలా అయితే కణం చస్తుంది. అందుకని ఇదిగో, ఇలా చేస్తుంది." కోడల్ని నా పక్కకు పంపి, పాలామెను తన పక్కకు లాక్కున్నారు. "మనుషులు ఇప్పుడూ నలుగురే, వైపులు మాత్రం రెండు. తప్పు తప్పుగానే ఉంది, గట్టెక్కింది."

తర్వాత మందు ఎక్కించారు. అది ఆ దారాలనే కదలకుండా బిగించేస్తుందట. జుట్టంతా రాలింది. వేళ్ళకు తిమ్మిర్లు. అన్నం సయించేది కాదు. మూడోసారి ఎక్కించాక, "ఇక చాలు అక్కయ్యగారూ, నేను వెళ్ళను," అన్నారు.

నేను ఆ చినిగిన చీర తెచ్చి ఒక కొస ఆవిడ చేతిలో పెట్టాను. "పట్టుకోండి. మీరు వదిలేస్తే ఒక్కదాన్నే ఎలా మడతపెట్టను?"

గుమ్మంలోంచి పాలామె అందుకుంది. "ఆ దొంగముండ కణమే గట్టెక్కితే, ఇంత చదివిన మీరు ఎక్కలేరా?"

ఆవిడ నవ్వారు. సోమవారం ఆస్పత్రికి వెళ్ళారు. ఒక్క విడత కూడా మానకుండా పూర్తిచేశారు.

మళ్ళీ కాలేజీలో అడుగుపెట్టిన రోజు చెవుల దాకా పెరిగిన జుట్టుతో, చిరుగు కలిపి రఫ్పు చేయించిన ఆ చీరే కట్టుకెళ్ళారు. ఆ తర్వాత ఏటా ఆడపిల్లలకు ఆ పాఠం చీరతోనే చెప్పేవారు. "తప్పు బతకడానికే అంత తంటాలు పడుతుంటే, ఒప్పు ఊరుకోకూడదర్రా," అనేవారు.

నిన్న ఆవిడ దండెం మీద ఆ చీరే ఆరి ఉంది. మడతపెడదామని ముగ్గురం వెళ్ళాం. కోడలు అలవాటుగా నా పక్కన నిలబడింది. పాలామె అవతలి కొస పట్టుకుని, పక్కన ఒక మనిషికి చోటు వదిలింది. లాగాం. మధ్యలో రఫ్పు కుట్టు బిగుసుకుంది. ఒక్క పోగు కూడా ఊడలేదు.