కుర్చీలో కూర్చోని మోకాలు

కబడ్డీలో పడి మోకాలికి ఆపరేషన్ చేయించుకున్న మా మనవరాలు, మొన్న మంచం అంచున కూర్చుని కాలు మడిచిన ప్రతిసారీ పళ్లు బిగబట్టడం చూస్తుంటే, నా కుడి మోకాలు అరవై ఏళ్లు వెనక్కి వెళ్లిపోయింది. ఇప్పుడు దాన్ని లిగమెంటు అంటున్నారు. పెనుకొండలో చెడుగుడు ఆడుతూ నేను తెంపుకున్నప్పుడు మాకది మోకాటి నరం. హిందూపురం ఆసుపత్రిలో కోసి, కుట్టి, తొడ నుంచి మడమ దాకా పిండికట్టు వేశారు. కట్టు విప్పేసరికి కాలు రోకలిలా బిగుసుకుపోయి ఉంది.

ఆ కాలపు క్రైస్తవ ప్రార్థన కూటాలకు వెళ్లినవారికి గుర్తుండే ఉంటుంది, ధర్మవరంలో మా సంఘంలో ప్రార్థన నడిపేవాడు ఉత్త బండల మీద మోకరించాలి, చాప కూడా వేసుకోకూడదు. మీసాలు రాకముందు నుంచీ ఆ పని నాది. నేను కుంటుకుంటూ వెళ్లిన మొదటి ఆదివారం సంఘపెద్ద గోడవారగా ఒక కుర్చీ వేయించాడు.

"ఆడ కూచో అప్పా. ఆ కాలు ఇంగ వంగేది కాదు. ప్రార్థన ఇంకొకరు చేస్తార్లే" అన్నాడు.

దయతోనే అన్నాడు, ఆ దయకే నాకు ఒళ్లు మండింది. కూటం ముగిసేదాకా కుర్చీ పక్కనే నిలబడ్డాను. బైబిలు కథలో దేవునితో పెనుగులాడి, తొడ కీలు జారి కుంటినవాడికే దీవెన దొరికిందని నాకు చిన్నప్పుడు నేర్పింది ఆ పెద్దే కదా.

నాయన పట్టుచీరలు నేసే మగ్గం నడింట్లో ఉండేది. మర్నాటి నుంచి ఆ మగ్గం గుంటలోకి కాళ్లు దించి, మంచికాలిని కదలనివ్వకుండా, మొండికాలితోనే తొక్కుడు కర్రలు తొక్కడం మొదలుపెట్టాను. నొప్పికి కళ్లు చీకట్లు కమ్మేవి, పోగులు తెగేవి.

"నీ కాలు వంగేలోపల నా చీర వంకర పోతాండాది గదరా" అని నాయన తిడుతూనే తెగిన పోగులు అతికేవాడు.

"తొక్కనీరా వాణ్ని. దేవుని దగ్గర కూడా వాడు మొండోడే" అని అవ్వ నవ్వుతూ నా మోకాలికి వేడి ఆముదం పట్టించేది.

ఎండలు పోయి వానలు వచ్చి, మళ్లీ ఎండలు వచ్చాయి. ఒక ఆదివారం సంఘపెద్ద ఇంకొకరిని పిలిచేలోపే నేను ముందుకు వెళ్లి బండల మీదికి దిగాను. మోకాలు చేసిన చప్పుడు కడపటి వరుసకూ వినిపించింది. ఆయన గోడవారనున్న కుర్చీని తానే బయటపెట్టి వచ్చి, "కానీయ్ అప్పా" అని నా పక్కనే మోకరించాడు.

ఇప్పుడు ఆ బండలు లేవు. నున్నటి టైల్స్, వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. అందరూ కూర్చునే తలలు వంచుతారు, పిల్లలు నా కోసం మెత్తటి దిండు కూడా తెస్తారు. దిండు పక్కకు జరిపి నేను నేల మీదికే దిగుతాను. మళ్లీ లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. పట్టుకోనీ.