ఊరికే పడుకున్నవాడి బుర్ర

చదువైపోయాక మా తమ్ముడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. డాక్టరుగారు దాన్ని డిప్రెషన్ అన్నారు. నాన్నగారు బద్ధకం అన్నారు. మాత్రలు మొదలయ్యాక వాడు గడ్డం గీసుకోవడం, అరటితోట దాకా నడవడం మొదలుపెట్టాడు. ముప్పంతా అక్కడే వచ్చింది.

"నడుస్తున్నాడుగా, ఇంక మాత్రలెందుకు? ఈ నెలతో ఆపేద్దాం" అన్నారు నాన్నగారు.

ఆపితే వాడు మళ్లీ గోడవైపు తిరుగుతాడని నా భయం.

అది రెండువేల దశకం చివర. ఆ డాక్టరుగారు రాజమండ్రిలో ఒక పరిశోధనలో ఉన్నారు. మనిషికి ఏ పనీ చెప్పకుండా స్కానింగ్ మిషన్లో పడుకోబెట్టి, మెదడులో ఏ భాగం ఏ భాగంతో జతకట్టి నడుస్తోందో చూస్తారు. జబ్బున్నవాళ్లతో పోల్చడానికి లేనివాళ్లూ కావాలి కనక నన్నూ రమ్మన్నారు. నాకు మెదడుందని కాగితం మీద ఒప్పుకున్న మొదటి మనిషి ఆయనే.

నాన్నగారూ బయల్దేరారు. మిషన్ బద్ధకాన్ని ఫొటో తీస్తుందని ఆయన ఆశ.

ముందు నా వంతు. గాజులు, పిన్నులు తీసిచ్చి లోపల పడుకున్నాను. తలకి అటూ ఇటూ మెత్తలు పెట్టారు. స్పీకర్లో టెక్నీషియన్ అమ్మాయి గొంతు వినపడింది.

"మేడమ్, కళ్లు తెరిచే ఉంచండి. నిద్రపోకండి, కదలకండి."

"ఆయ్, అలాగేనండి" అన్నాను, తల కూడా ఊపి. మా గోదావరి వాళ్లకి మర్యాద మెడలో ఉంటుంది. ఎదుటివాళ్లు 'అండీ' అంటే చాలు, తల దానంతటదే ఊగుతుంది.

"తల కదిలితే బొమ్మ చెడిపోద్దండి. నాకు జవాబు చెప్పకండి. మళ్లీ మొదలెడతన్నాను."

"ఆయ్, సారీ అండి."

మిషన్ చప్పుడు మళ్లీ ఆగింది. ఆ అమ్మాయి చాలా నెమ్మదిగా, "మేడమ్, ఈ కాసేపూ మాత్రం మర్యాద మానేయండి" అంది.

తమ్ముడిది మాత్రం ఒక్కసారికే అయిపోయింది. బయటికొచ్చి, "ఊరికే పడుకోవడంలో నాకున్న సర్వీసు నీకెక్కడిదే అక్కా" అన్నాడు. వాడు నన్ను ఏడిపించి ఎన్నాళ్లయిందో. కళ్లు తుడుచుకుంటూ వాడి నెత్తి మీద ఒక్కటిచ్చాను.

నాన్నగారు డాక్టరుగారి ఎదుట కూర్చున్నారు. "ఏమైనా కనపడిందాండీ?"

"ఒక్కరి బొమ్మ చూసి ఇదీ జబ్బు అని చెప్పలేమండి. చాలామందివి కలిపి పోల్చాలి. మేమూ ఇంకా నేర్చుకుంటున్నాం. ఊరికే పడుకున్నా మెదడు ఊరికే ఉండదని మాత్రం తెలుసు."

"మావాడిది కూడానా?"

"మీవాడిదీ, మీ అమ్మాయిదీ, మీదీ, నాదీనండి."

నాన్నగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "అయితే పడుకున్నాడు కాబట్టి ఖాళీగా ఉన్నాడనుకోవడం పొరపాటేనా?"

"పొరపాటేనండి. ఇక మాత్రలు ఆపేద్దామంటున్నారని మీ అమ్మాయి చెప్పింది, అది తేల్చడానికి స్కానింగ్ ఎందుకు? తోట దాకా నడుస్తున్నది మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. ఇప్పుడు ఆపకండి."

తిరుగు ప్రయాణంలో రావులపాలెంలో బస్సు మారాలి. అరటిగెలలు కొనే తెలిసినాయన ఎదురొచ్చి, "ఏంటండీ, మీవాడింకా ఖాళీయేనా?" అన్నాడు.

తమ్ముడు తల దించుకున్నాడు.

"ఖాళీ ఏం కాదండి. ఒంట్లో బాగోలేదు. మందులు వాడుతున్నాడు, కుదుటపడుతున్నాడు" అన్నారు నాన్నగారు. ఆ మాట బయటివాళ్ల ముందు ఆయన నోట వినడం నాకదే మొదలు. వెంటనే రోడ్డు దాటి మందుల షాపువైపు నడిచారు.

"నాన్నగారూ, మన బస్సు వచ్చేసింది" అని తమ్ముడు కేకేశాడు.

"పోనీరా, ఇంకోటి వస్తుంది. వచ్చే నెలవి కూడా తీసుకుందాం, చీటీ పట్రా."