సంతాప సభ నాడు బావి దగ్గర

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే లేచి వెళ్లిపోయేవాణ్ని. అందుకే ఇది చెప్పాలంటే నామీద నాకే చిరాకు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న పట్నంలో మునిసిపల్ గుమాస్తాని. నూలు వ్యాపారి రాజేశం సేటు మా వార్డు మెంబరు. రోజూ పొద్దున్నే నేతవాళ్ల వాడలోని చేదబావికి వెళ్లి, నీళ్లు తోడి వాసన చూసి, ఆ తర్వాతే దుకాణం తెరిచేవాడు. ఒకసారి ఆయనకు సన్మానం పెడితే, వీధిలో మురుగు మోరీ నిండిందని ఎవరో చెప్పగానే మధ్యలో లేచి వెళ్లిపోయాడు. నేను శాలువా పట్టుకుని నిలబడ్డాను.

ఆయన గుండె ఆగి చనిపోయిన పదకొండో రోజు, బడి ఆవరణలో సంతాప సభ. ఏర్పాట్లన్నీ నా నెత్తినే. మైకు పలకలేదు. అధ్యక్షత తనకే కావాలని ఇద్దరు పెద్దమనుషులు భీష్మించుకుని కూర్చున్నారు.

అప్పుడే మగ్గం నేసే లచ్చవ్వ ఖాళీ బిందెతో వచ్చింది.

"సారూ, గా బాయి నీళ్లు తాగొద్దని సేటు చెప్పిండు. జర వచ్చి సూడుండ్రి."

"ఎప్పుడు చెప్పిండు?"

"ఇయ్యాల పొద్దుగాల. బొక్కెన ఏస్తుంటె చెయ్యి అడ్డం పెట్టిండు."

"సేటు పోయి పదకొండు దినాలాయె గదా."

"నాకెరుక లేదా? పాడె ఎన్క నడిసినదాన్ని."

విసుక్కుని పంపేశాను. కాసేపటికి మంచిర్యాల స్టేషన్ నుంచి నూలు మూటలు తోలుకొచ్చే కొమురయ్య వచ్చాడు. నెల రోజులుగా అత్తగారి ఊళ్లో జ్వరంతో పడి ఉండి, తగ్గాక అక్కడి నుంచే స్టేషన్‌కు పోయి మూటలెత్తుకుని, ఆ పొద్దునే బండితో ఊళ్లోకి వచ్చాడట.

"సేటు ఏడి సారూ? మూటలు యాడ దించాలె? పొద్దుగాల బాయికాడ ఎడ్లకు గూడ నీళ్లు తాపనియ్యలే. పలకరిస్తె మాట్లాడలే."

దండ వేసిన ఫోటో చూపించాను. కొమురయ్య తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు.

ఇక ఉండలేక శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ను వెంటబెట్టుకుని బావికి పోయాను. పైకి నీళ్లు తేటగానే ఉన్నాయి. మనిషిని దించితే, నీటి మట్టం దగ్గర రాళ్లు జారి, పక్కనున్న మరుగుదొడ్డి ఊట లోపలికి దిగుతోందని తేలింది. మధ్యాహ్నానికి బావి మూయించాం. ఆ వారంలోనే చుట్టుపక్కల రెండు ఊళ్లలో గత్తర, అదే కలరా, వచ్చి మనుషులు పోయారు. మా వాడలో ఒక్కరికీ రాలేదు.

నేను బడికి తిరిగొచ్చేసరికి జనం వెళ్లిపోయారు. ఆ ఇద్దరూ ఇంకా అధ్యక్షత గురించే వాదించుకుంటున్నారు.

సాయంత్రం ఫిర్యాదుల రిజిస్టరు ముందేసుకున్నాను. ఫిర్యాదుదారు పేరు రాయకుండా గడి వదిలేస్తే మా ఆఫీసులో ఒప్పుకోరు. రాజేశం అని రాశాను.

తర్వాత తనిఖీకి వచ్చిన అధికారి ఆ వరుస మీద వేలు పెట్టాడు.

"ఈయన అంతకుముందే చచ్చిపోయిండు గదా?"

"అవునండి," అన్నాను.

పక్క గడిలో బావి మూయించిన తేదీ చూపించాను.