నారి విప్పని విల్లు

ఆర్మూర్ పసుపు యార్డుల లింగం ముప్పై ఏండ్ల సంది బస్తాలు మోస్తుండు. లారీలు రాని మధ్యాహ్నం అతను విల్లు చేసుకుంట కూసుంటడు. చాకు లోతుకు దిగితే కట్టె నరం తెగుతదని, వెదురుబద్దను పగిలిన సీసాపెంకుతోనే గీకుతడు. రెండు దిక్కుల ఒక్క తీరుగ వంగుతుందా అని కాలి కింద తొక్కి చూస్తడు, మళ్ల గీకుతడు. జనుప నారను తొడమీద పేనుతుంటే అరచేతుల పసుపంత దానికే అంటుకుంటది. అందుకే లింగం పేనిన వింటినారిని దూరంనుంచే గుర్తుపట్టొచ్చు.

మక్కజొన్న చేన్ల కోతులను బెదిరించెతందుకు విల్లు తీస్కపోయిన వేల్పూర్ దేవన్న నిన్న కోపంగ వచ్చిండు.

"నెలకే మెత్తబడ్డది లింగం, బాణం పది అడుగులు పోతలేదు."

లింగం నారి విప్పిండు. విప్పినా విల్లు వంగే ఉంది.

"పనైనంక నారి విప్పుతున్నవా పటేలా?"

"ఎందుకు? గట్లనే గోడకు తగిలిస్తున్న."

"కట్టె గూడ మన ఒళ్లసొంటిదే. జర విప్పి పండబెట్టాలె. లేకుంటె గిట్లనే ఉండిపోతది."

గేటుకాడ లారీ హారన్ కొట్టింది. లింగం తువ్వాల తలకు చుట్టుకొని లేచిండు. నడుము సగమే లేచింది.