రాతి వేషం, గాజు పలక

ఆ రోజుల్లో పాచిపెంట సంత తలుచుకుంటే ముందు పొగమంచే కనబడుతుంది. కొండ దిగి వచ్చేవాళ్ళ నెత్తిమీది, విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టలు ముందు తేలేవి, మనుషులు తరవాత వచ్చేవారు. అక్కడ మా అన్నయ్యకు బట్టల కొట్టు. నేను కొట్లో కూర్చోవలసినవాణ్ణి. కానీ కొత్తగా కెమెరా కొన్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు కనబడ్డ మేకకల్లా ఫోటో తీసేవాణ్ణి. మనుషులు మాత్రం దొరికేవారు కాదు. ఆ మసక వెలుతురులో పది లెక్కపెట్టేదాకా కదలకుండా నిలబడాలి. ఎవరికంత ఓపిక?

ఒక్కాయనకుండేది. పగటివేషాల ముసలాయన. చీర కట్టి, ఒంటినిండా బూడిదా మసీ కలిపి పూసుకుని, రాయైపోయిన అహల్యలా, ఒక చెయ్యి గుండెమీద పెట్టి, ఒక చెయ్యి ముందుకు చాచి నిలబడేవాడు. ఎవరైనా కాళ్ళ దగ్గర గుప్పెడు చోళ్ళో బియ్యమో పోస్తే, రాముడి పాదం సోకినట్టు మెల్లగా మేలుకుని దండం పెట్టేవాడు. ఆయన్నే చూస్తూ నిలబడితే సంత గోల ఎక్కడో దూరంగా, నిద్రలో విన్నట్టు ఉండేది నాకు.

ఓ సంతనాడు ఆయనే మా కొట్టుకొచ్చాడు.

“బాబూ, నన్నోపాలి ఆ పెట్టెలో తియ్యి. నాను కదుల్తన్నానో నేదో సూసి సెప్పు.”

“నువ్వా తాతా, కదలడమా!” అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. “మొన్న ఓ సిన్న గుంట ‘రాయి వొణుకుతంది’ అన్నాది. మడుసులు మొగమాటానికి నిజం సెప్పరు. నీ పెట్టెకి మొగమాటం నేదు గదా. ఈ యేసం తప్ప నాకేటీ రాదు బాబూ.”

తీశాను. పది లెక్కపెట్టాను. నా కళ్ళకి చీమంత కదలిక కూడా కనబడలేదు.

మర్నాడు పక్క కొట్టు ఉప్పు బస్తాల గదిలో తలుపు సందులకి గోనెలు కుక్కి, ఎర్రగుడ్డ చుట్టిన లాంతరు దగ్గర కెమెరాలోని గాజు పలక తీసి మందునీళ్ళలో కడిగాను. ముఖం, చీర కుచ్చెళ్ళు, బూడిద పగుళ్ళు, అన్నీ చెక్కినట్టున్నాయి. చాచిన చెయ్యి మాత్రం మోచేతి దగ్గర్నుంచి పొగలా చెదిరిపోయింది. వేళ్ళు లెక్కకి అందలేదు. అప్పుడో తెలివి చూపించాను. ఆ పలకలో బొమ్మని ఎండలో కాగితం మీదికి అచ్చు దింపి, ఆ కాగితాన్ని మోచేతి దగ్గర కత్తెరతో కోసేశాను.

మళ్ళీ సంతనాడు ఇచ్చాను. “చూశావా, రాయే!” అన్నాను.

ఆయన చాలాసేపు చూశాడు. వేలు భుజం మీంచి మోచేతి దాకా జరిపి, కాగితం అంచు దగ్గర ఆపాడు.

“మరి సెయ్యేదీ?”

“కాగితం చాల్లేదు తాతా.”

“నలభయ్యేళ్ళు రాయినని జనాన్ని నమ్మించేను బాబూ. నీకా ఇద్దె రాదు.” నవ్వుతూనే అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ కాగితం నా చేతిలో పెట్టేసి, “ఆ సెయ్యి కూడా వొచ్చీలా తియ్యి. వొణికినా అది నాదే గదా” అన్నాడు.

చెక్క చట్రంలో పలకా, కొత్త కాగితమూ బిగించి కొట్టు అరుగుమీద ఎండలో పెట్టాను. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. కాసేపటికోసారి చట్రం వెనక తలుపు తీసి చూస్తే, ఆ చెయ్యి కొంచెం కొంచెంగా కాగితం మీదికి వస్తోంది. ఆ పూట ఆయన వేషం కట్టలేదు.